మాట మనిషి మీదికి మళ్లినప్పుడు

(2025 సెప్టెంబరు 21, ఆదివారం సాయంత్రం చెన్నై టి.నగర్‌లో జరిగిన తెలుగువారి సభలో ఒక విశ్రాంత పాత్రికేయుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కలో ఇక్కడిదాకా వచ్చారు, సంతోషం.

ఇందాకటి నుంచి చూస్తున్నాను, సగం మంది ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నారు. నేనేమీ అనుకోవడం లేదు. శుక్రవారం ట్రంప్ సంతకం పెట్టాడు. అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుము, మన లెక్కలో సుమారు 88 లక్షల రూపాయలు. ఏటా కట్టాలని ఆయన వాణిజ్య మంత్రే చెప్పాడు. నిన్నంతా మన ఇళ్లలో పొయ్యి వెలిగిందో లేదో తెలియదు గానీ టీవీ మాత్రం ఆగలేదు. దసరాకని వచ్చిన పిల్లలు పెట్టె విప్పకుండానే తిరుగు టికెట్లు వెతుక్కున్నారు. ఈ పొద్దున లేచేసరికి వైట్‌హౌస్ నుంచి వివరణ వచ్చింది: ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదు, రెన్యువల్‌కు వర్తించదు, కొత్త దరఖాస్తుకు ఒక్కసారి కట్టేది అని.

మరి ఈ మధ్యలో గడిచిన గంటల్లో టీవీ ముందు కూర్చున్న తల్లికి ఏం దొరికింది? మా అబ్బాయి వెనక్కి పోగలడా, లేదా? ఆవిడకు కావలసింది అదొక్కటే. తెర మీద నలుగురు కూర్చుని, ఇది ఢిల్లీ వైఫల్యమని ఒకరు, నువ్వు దేశద్రోహివని ఇంకొకరు, పోయిన ఏడాది నువ్వే ట్రంప్‌ను పొగిడావని మూడోవారు. ఆవిడ ప్రశ్న దగ్గరికి ఎవరూ రాలేదు.

నేను మాట్లాడాలనుకున్నది ఇదే. విదేశాంగం మీద చర్చ మొదలవుతుంది. పది నిమిషాల్లో మాట మనిషి మీదికి మళ్లుతుంది. ఒకసారి మళ్లాక మళ్లీ విషయం మీదికి రాదు. అమెరికాలో ఇది పెద్ద ఎత్తున జరుగుతోంది. మన దగ్గరా జరుగుతోంది. అందులో నేనూ ఉన్నాను, నలభై ఏళ్లు వార్తల బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి కాబట్టి.

ముందు నా బల్ల దగ్గరి సంగతి ఒకటి చెబుతాను.

2003 ఏప్రిల్. ఇరాక్ మీద అమెరికా యుద్ధం జరుగుతోంది. 8వ తేదీన లోక్‌సభ ఒక తీర్మానం చేసింది. అందులో హిందీలో ఒక మాట ఉంది, ‘నిందా’. దాని మీదే రోజుల తరబడి బేరం నడిచింది. ప్రతిపక్షం ఖండించాలంటుంది, ప్రభుత్వం అంత దూరం పోలేనంటుంది. చివరికి హిందీలో ‘నిందా’ దగ్గర రాజీ పడ్డారు. దాన్ని ఇంగ్లీషులో కాస్త మెత్తగానూ చెప్పొచ్చు, గట్టిగానూ చెప్పొచ్చు. అధికారిక ఇంగ్లీషు పాఠంలో మెత్తని మాటే పెట్టారు.

రాత్రి తొమ్మిదిన్నరకు ఆ కాపీ నా బల్ల మీదికి వచ్చింది. తెలుగులో ఏం రాయాలి? ‘నింద’ మన మాటే కదా అని మా కుర్ర సబ్ ఎడిటరు ‘లోక్‌సభ నింద’ అని కొట్టేశాడు. తెలుగులో నింద వేయడమంటే లేనిది అంటగట్టడం. మొన్ననే వినాయక చవితి అయింది, నీలాపనిందలు అంటాం కదా, ఆ నింద. అలా అచ్చయితే, చేయని తప్పు అమెరికా మీద మోపారని అర్థం వస్తుంది. ‘ఖండించింది’ అంటే తీర్మానంలో లేని బలం వస్తుంది. ‘విచారించింది’ అంటే చావుకు పోయి వచ్చినట్టుంటుంది. న్యూస్ ఎడిటరూ నేనూ అరగంట కొట్టుకున్నాం. జిల్లా ఎడిషను ఆలస్యమవుతోందని కింద నుంచి కేకలు. చివరికి ‘గర్హించింది’ అని పెట్టాం.

వారం తిరక్కుండానే రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి నెల్లూరు నుంచి: ‘ఖండించింది’ అని రాయలేదు కాబట్టి నేను అమెరికా మనిషిని. రెండోది ఇక్కడి ప్యారీస్ కార్నర్ నుంచే: ‘గర్హించింది’ అన్నంత మాట వాడాను కాబట్టి నేను సద్దాం మనిషిని. ఒకే మాటకు రెండు ఉత్తరాలు! రెండిట్లోనూ ఆ తీర్మానంలో ఏముందన్న మాటే లేదు. ఆ రెండూ ఇంకా నా దగ్గర ఉన్నాయి.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. ఇరాక్‌కు మన సైన్యాన్ని పంపమని అమెరికా అడిగింది, ఒక డివిజన్ సైన్యాన్ని. వాజపేయి ప్రభుత్వం నెలల తరబడి ఆలోచించి జులై 14న, ఐక్యరాజ్యసమితి అనుమతి లేకుండా పంపలేమని చెప్పింది. మన జవాన్లు ఎన్ని వేల మంది ఆ ఇసుకలోకి పోవలసి వచ్చేదో ఆలోచించండి. ఆ నిర్ణయానికి మేము మొదటి పేజీలో ఒక కాలమ్ ఇచ్చాం. ‘నిందా’ గొడవకు అంతకు మూడింతలు ఇచ్చాం. అది మా తప్పు. నా తప్పు కూడా.

అదే యుద్ధంలో అమెరికా పత్రికలు చేసింది ఇంతకంటే పెద్దది. అక్కడ కన్సర్వేటివులలోనే కొందరు యుద్ధం వద్దన్నారు, ప్యాట్ బ్యుకానన్, రాబర్ట్ నోవాక్ లాంటివాళ్లు. వాళ్ల మీద డేవిడ్ ఫ్రమ్ ‘నేషనల్ రివ్యూ’లో పెద్ద వ్యాసం రాశాడు. అప్పటి అధ్యక్షుడు బుష్‌కు ప్రసంగాలు రాసిన మనిషి ఆయన. వీళ్లకు దేశభక్తి లేదని ఆ వ్యాసం శీర్షికే చెప్పేసింది. ఇరాక్‌లో బుష్ ప్రభుత్వం ఉన్నాయంటున్న సామూహిక మారణాయుధాలు ఉన్నాయా లేవా అన్న ప్రశ్న పక్కకు పోయింది. నీకు దేశం మీద ప్రేమ ఉందా లేదా అన్నదే నిలిచింది. ఎంఎస్‌ఎన్‌బీసీలో ఫిల్ డోనహ్యూ అని పేరున్న వ్యాఖ్యాత. ఆ చానల్లో ఎక్కువమంది చూసే కార్యక్రమం ఆయనదే. యుద్ధానికి కొద్ది వారాల ముందు తీసేశారు. యుద్ధ సమయంలో ఇలాంటి ముఖం సంస్థకు ఇబ్బంది అని లోపల రాసుకున్న కాగితం తర్వాత బయటపడింది. ఆయుధాలు దొరకలేదు. 2004 మే 26న న్యూయార్క్ టైమ్స్, మా వార్తల్లో కొన్ని సరిగా పరీక్షించకుండా వేశామని పాఠకులకు చెప్పుకుంది. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది.

ఇక ఈ ఏడాది జూన్‌కు వస్తాను.

13వ తేదీన ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది. 22న అమెరికా బాంబర్లు ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద దాడి చేశాయి. 24న కాల్పుల విరమణ. ఈ పన్నెండు రోజుల్లో అమెరికాలో ట్రంప్‌ను నెత్తిన పెట్టుకున్న వ్యాఖ్యాతలే రెండుగా చీలిపోయారు. యుద్ధం కావాలన్న పక్షాన ఫాక్స్ న్యూస్ మార్క్ లెవిన్ లాంటివాళ్లు. వద్దన్న పక్షాన టకర్ కార్ల్‌సన్, స్టీవ్ బానన్. ఈ కార్ల్‌సన్ కూడా 2023 దాకా ఫాక్స్ మనిషే. వద్దన్నందుకు ట్రంప్ స్వయంగా ఆయన్ని తిక్కవాడు అన్నాడు.

ఆ రోజుల్లోనే కార్ల్‌సన్ టెక్సాస్ సెనేటర్ టెడ్ క్రూజ్‌ను ఇంటర్వ్యూ చేశాడు. ఇరాన్ ప్రభుత్వం కూలిపోవాలని కోరుతున్న సెనేటర్ ఆయన. ఇరాన్ జనాభా ఎంత, అని అడిగాడు. తెలియదన్నాడు క్రూజ్. నువ్వు కూల్చాలంటున్న దేశంలో ఎంతమంది ఉన్నారో నీకు తెలియదా, అని మళ్లీ అడిగాడు. 9 కోట్ల 20 లక్షలని తనే చెప్పాడు. నేను ఆ ముక్కను నాలుగైదు సార్లు చూశాను. పాత్రికేయుడిగా ఆ ప్రశ్నకు చేతులెత్తి మొక్కుతాను. అలాంటి ప్రశ్న 2003లో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

కానీ అక్కడ ఆగి తర్వాతి ప్రశ్న అడగాలి కదా. 2015లో ఇరాన్‌తో అణు ఒప్పందం కుదిరింది. యురేనియం శుద్ధి 3.67 శాతం దాటకూడదని అందులో ఉంది. 2018 మేలో ట్రంప్ అందులోంచి బయటికొచ్చాడు. 2021లో ఇరాన్ 60 శాతానికి వెళ్లింది. బాంబుకు కావలసింది సుమారు 90. ఒప్పందం ఉన్నప్పుడు ఎక్కడున్నాం, పోయాక ఎక్కడికొచ్చాం, ఇప్పుడు బాంబులేస్తే ఎక్కడికి పోతాం? రెండు గంటల ఇంటర్వ్యూలో దీనికి నిదానంగా చోటు దొరకాలి. దొరకలేదు. ఎప్పుడూ ఇజ్రాయెల్ మీదే ఎందుకు పడతావు అని క్రూజ్ అంటాడు. నన్ను యూదు ద్వేషి అనబోతున్నావా అని కార్ల్‌సన్ అంటాడు. ఇద్దరూ ఒకరి మనసులో ఒకరు వెతుక్కుంటూ కూర్చున్నారు. కార్ల్‌సన్ కూడా అంతకు ముందే యుద్ధం కోరేవాళ్లు వీళ్లంటూ ఫాక్స్ వ్యాఖ్యాతలు హానిటీ, లెవిన్, ఫాక్స్ అధిపతి మర్డాక్ అని పేరుపేరునా రాసి పెట్టాడు. ఆ జాబితా దేశమంతా చదివింది. 3.67 అన్న అంకె ఎంతమంది చదివారు?

అమెరికా వాళ్ల గొడవ మనకెందుకు అనుకుంటారేమో. మెరీనా మీద గాలి పీల్చుకునే మనకు ఇరాన్ ఎక్కడ అనిపిస్తుంది. రేపు సెప్టెంబరు 22. 1914లో సరిగ్గా ఆ తేదీ రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మన రేవు ముందుకొచ్చి గుళ్లు కురిపించింది. బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబడ్డాయి. హైకోర్టు ఆవరణలో దాని గుర్తుగా పెట్టిన ఫలకం ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడండి. నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రికను ఇక్కడ దినపత్రిక చేసి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. యూరపులో రాజుల కొట్లాట అనుకున్నది జార్జిటౌన్ జనాన్ని మూటాముల్లెతో ఊరు దాటించింది.

ఈ జూన్ 23 రాత్రి నేను మీనంబాక్కం విమానాశ్రయంలో ఉన్నాను. మా ఇంట్లో పనిచేసిన ఆవిడ చెల్లెలు కువైట్ పోతోంది. రాజంపేట దగ్గరి పల్లె. మీకు తెలుసు, కడప వైపు ఆడవాళ్లు చాలామంది మన చెన్నై నుంచే గల్ఫ్ విమానం ఎక్కుతారు. రెండు నెలల సెలవు మీద వచ్చి తిరిగి పోతోంది. అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, గడువు దగ్గరపడింది. అట్టపెట్టెకు అడ్డంగా, నిలువుగా గోధుమ రంగు టేపు చుట్టి, పైన స్కెచ్ పెన్నుతో పేరు రాసుకుంది. లోపల ఆవకాయ, చెనిక్కాయల పొడి, పిల్లలు కట్టిచ్చిన అరిసెలు.

రాత్రి పదింటప్పుడు ఖతార్‌లోని అల్ ఉదెయిద్ అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వదిలింది. ఖతార్ అంతకు ముందే ఆకాశం మూసేసింది. కువైట్, బహ్రెయిన్ కూడా కొన్ని గంటలు మూసేశాయి. డిపార్చర్ గేటు బయట జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పోలీసు లోపలికి పోనివ్వడు, విమాన సంస్థ వాళ్లు బయటికి రారు. పక్కన ఒక కుర్రాడి ఫోన్లో తెలుగు చర్చ నడుస్తోంది. యుద్ధం గురించే. ఆవిడ ఆశగా మెడ సాచి చూసింది. అందులో ఇద్దరు విశ్లేషకులు. ఒకాయన ఇంకొకాయన్ని అమెరికా ఏజెంటు అన్నాడు. ఆయన తిరిగి, నువ్వు ఇరాన్ ఏజెంటువి అన్నాడు. యాంకరు ఇద్దరినీ ఎగదోస్తున్నాడు.

ఆవిడ నన్నడిగింది: “ఏమంటాండారు సార్ వాళ్లు? ఇమానం పోతాదంటనా? పోతే దిగనిస్తారంటనా? అకామా అయిపోతే నా పనేంగాను?”

మూడు ప్రశ్నలు. నేను జేబులో ఉన్న టికెట్ కాగితం వెనక రాసుకున్నాను. నలభై ఏళ్లు విదేశీ వార్తలు రాసిన నాకు ఆ మూడింటికి జవాబు చెప్పడం రాలేదు. మేము జవాబులు చెప్పే అలవాటు ఎప్పుడో వదిలేశాం. ప్రపంచం వాడే చమురులో అయిదో వంతు ఇరాన్ పక్కనున్న హోర్ముజ్ జలసంధి మీదుగా పోతుంది, మన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే కొంటాం, ఇవి చెప్పగలను. ఆవిడ అకామా గురించి చెప్పలేకపోయాను. ఆ రాత్రి అక్కడే పేవ్‌మెంటు మీద పెట్టె పక్కన కూర్చుంది. నేను టీ తెచ్చిచ్చాను. అంతే చేయగలిగాను.

మన చానళ్ల సంగతి చెప్పకుండా వదిలితే అన్యాయమవుతుంది. మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగినప్పుడు, 8వ తేదీ రాత్రి కరాచీ రేవు ధ్వంసమైందని దేశంలోని పెద్ద చానళ్లు అరిచాయి. అది జరగలేదు. స్టూడియోల్లో గాలిదాడి సైరన్లు మోగించారు. అవి ఆపండి, నిజం సైరను మోగినప్పుడు జనం పట్టించుకోరు అని కేంద్రమే చెప్పవలసి వచ్చింది. 10వ తేదీన కాల్పుల విరమణ ప్రకటించింది విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ గారు. ఆయన ఉద్యోగి. ప్రభుత్వం నిర్ణయించింది, ఆయన చదివారు. ఆయన్నీ ఆయన కుటుంబాన్నీ ఎంత మాటలన్నారంటే ఆయన తన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకున్నారు. ఆ విరమణ మంచిదా చెడ్డదా అని వాదించడానికి ఎన్ని విషయాలున్నాయి! వాటి జోలికి పోకుండా చదివిన మనిషి మీద పడ్డారు.

నన్నూ ఒక చానల్ వాళ్లు చర్చకు పిలిచారు, కొన్నేళ్ల కిందట. కచ్చతీవు మీద. ఫోన్ చేసిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. “సార్, మీరు ఏ పక్షాన మాట్లాడతారు? ఇవ్వడం తప్పు అనేవాళ్లు ఇప్పటికే ఇద్దరున్నారు, తప్పు కాదనే సీటు ఖాళీగా ఉంది” అంది. నేను జాలర్ల వలల గురించి మాట్లాడతానన్నాను. దానికి సీటు లేదు. నేను వెళ్లలేదు.

వలలు అంటే ఏమిటో చెబుతాను, ఇది మన తీరం సంగతి. కచ్చతీవు 285 ఎకరాల దీవి. 1974 ఒప్పందంలో శ్రీలంకకు వెళ్లింది. 2024 ఎన్నికలప్పుడు దాన్ని ఎవరు ఇచ్చేశారన్న దాని మీద కాంగ్రెసు, డీఎంకే, బీజేపీ ఎంత తిట్టుకున్నాయో మీరు చూశారు. రామేశ్వరం జాలర్ల కష్టం మాత్రం సముద్రం అడుగున ఉంది. మన మరపడవలు అడుగు దాకా లాగే వలలు వేస్తాయి. చేపగుడ్లు, పిల్లచేపలు, అడుగున పెరిగేదంతా ఊడ్చుకొస్తాయి. మన వైపు చేప తగ్గిపోయి సముద్రంలో సరిహద్దు గీత దాటతారు. అవతలి వైపు జాఫ్నా జాలర్లు, వాళ్లూ తమిళులే, శ్రీలంక అంతర్యుద్ధం ముగిశాక మళ్లీ వల పట్టుకున్నవాళ్లు, మా వలలు తెగిపోతున్నాయని ఏడుస్తున్నారు. 2017లో శ్రీలంక ఆ వలల్ని చట్టం చేసి నిషేధించింది. మన ప్రభుత్వాలు మరపడవల వాళ్లను లోతు సముద్రంలో వేటకు మళ్లిస్తామని పథకం పెట్టాయి, అది నత్తనడక నడుస్తోంది. దీని మీద ఒక గంట చర్చ పెడితే ఎంత బాగుంటుంది! ఇందులో తిట్టడానికి మనిషి దొరకడు. అందుకే పెట్టరు.

ఇంకొకటి. పోయిన డిసెంబరులో మన ఊరి పిల్లవాడు శ్రీరామ్ కృష్ణన్, కట్టంకుళత్తూరు ఎస్‌ఆర్‌ఎంలో చదివినవాడు, ట్రంప్‌కు కృత్రిమ మేధ సలహాదారు అయ్యాడు. వెంటనే ట్రంప్ అభిమాని లారా లూమర్ అనే ఆవిడ ఆయన మీద పడింది. గ్రీన్‌కార్డులకు దేశాల వారీ పరిమితి ఎత్తేయాలని ఆయన అంతకు ముందు రాశాడట. విదేశీ ఉద్యోగులు కావాలంటూ మస్క్, వివేక్ రామస్వామి ఒక వైపు, వద్దంటూ బానన్, లూమర్ ఒక వైపు. క్రిస్మస్ వారమంతా కొట్టుకున్నారు. రామస్వామి అమెరికన్ల పెంపకం మీద ఒక పెద్ద పోస్టు రాశాడు, మంటలో నెయ్యి పోసినట్టయింది. ఆ పరిమితి ఏమిటి? ఏ దేశానికైనా ఏటా 7 శాతమే. చిన్న దేశానికీ అంతే, మనకూ అంతే. అందుకే మన పిల్లలు దశాబ్దాలు క్యూలో ఉంటారు. ఇది న్యాయమా కాదా అన్న మాట రెండు వైపులా ఎవరూ చివరిదాకా మాట్లాడలేదు. ఎవరి సంస్కృతి గొప్పది, ఎవడు నిజమైన అమెరికన్ అన్న దాని మీదే పోయింది. తొమ్మిది నెలల తర్వాత ఇప్పుడు ఈ లక్ష డాలర్లు. ఆ డిసెంబరు గొడవలో గెలిచినవాళ్లెవరు, ఓడినవాళ్లెవరు అని ఇవాళ కూడా లెక్కలేస్తున్నారు.

రాజంపేట ఆవిడ జూన్ 25న వెళ్లింది. అకామా ఇంకా నాలుగు రోజులుండగా దిగింది. దిగిన రోజు ఫోన్ చేసింది. అరిసెలు నలిగిపోయాయట, ఆవకాయ బాగానే ఉందట.

నిన్న రాత్రి కూడా ఒక చానల్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. వీసాల మీద చర్చ, ఏ పక్షమని అడిగారు. రానని చెప్పి ఇంకో పని చేశాను. ఈ పొద్దున వచ్చిన వైట్‌హౌస్ వివరణను తెలుగులో రాసి, పక్క వీధిలో యాభై జిరాక్సులు తీయించి తెచ్చాను. అదిగో ఆ బల్ల మీద ఉన్నాయి. పిల్లవాడు అమెరికాలోనే ఉంటే ఏమిటి, సెలవుకు వచ్చి ఇక్కడ ఉంటే ఏమిటి, రెన్యువల్ ఏమిటి, ఇంకా దరఖాస్తే పెట్టకపోతే ఏమిటి, విడివిడిగా రాశాను. ముందు వరుసలో అమ్మగారు ఇందాకటి నుంచి కళ్లు తుడుచుకుంటున్నారు. అమ్మా, మీ అబ్బాయి వీసా ఎప్పటిది? పోయిన ఏడాదిదా? అయితే రెండో పేరా తీయండి. ఎవరైనా ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, కాగితాలు ఎగురుతున్నాయి. కళ్లద్దాలు తెచ్చుకోనివాళ్ల కోసం నేను చదువుతాను.